గుడ్డలో పోసిన స్తంభం

గుడారమ్మకు ఆ పేరు పెట్టింది వీధిలోవాళ్ళు. భర్త గుడారాలు కుట్టేవాడు కాబట్టి ఆయన్ని గుడారం అనేవారు, ఆయన్ని కట్టుకున్న పాపానికి ఈవిడ గుడారమ్మ అయింది. సొంత పేరుతో పిలిచే మనిషి ఆయనొక్కడే. ఆయన పోయాక ఆ పేరు పెట్టె అడుగున దాచిన కొత్తబట్టలా ఉండిపోయింది. పాడూ కాలేదు, బయటికీ రాలేదు.

ఇల్లు సందు చివర. ముందు గదంతా మిషనుదే. అది చొక్కాలు కుట్టే మిషను కాదు, దున్నపోతులాంటిది. లారీల మీద కప్పే టార్పాలిన్లు, ఎగ్జిబిషన్లలో వేసే డేరాలు దాని మీదే కుట్టేవాడాయన. దాని సూదిని చూసి చుట్టుపక్కల పిల్లలు ఇంజెక్షనుకు జడిసినట్టు జడిసేవారు.

ఆయన కుట్టినన్నాళ్ళూ గుడారమ్మ గుడ్డ పట్టుకుంది. చెప్పుకోవడానికి అదో పనిలా ఉండదు. కానీ టార్పాలిన్ బరువు కిందికి లాగితే సూది విరుగుతుంది, కుట్టు పాములా వంకరపోతుంది. మిషను ఎంత జోరుగా నడిస్తే అంత జోరుగా గుడ్డని ఎత్తి అందిస్తుండాలి. ఆయన పాదం ఎప్పుడు నెమ్మదిస్తుందో ఆవిడ భుజానికి ముందే తెలిసిపోయేది. ఇద్దరి మధ్యా మాటలు తక్కువ. గుడ్డ ఒక కొస ఆయన చేతిలో, ఇంకో కొస ఈవిడ చేతిలో. కాపురమంతా అలాగే నడిచింది.

ఆయన గుండె ఆగిపోయాక మిషను మీద దుప్పటి కప్పేశారు. కప్పింది ఆయన అక్క. పెళ్ళయిన కొత్తల్లోనే మొగుడితో పడక తమ్ముడి దగ్గరికి వచ్చేసిన మనిషి. వంటిల్లు ఆవిడ రాజ్యం. నోరు తెరిస్తే ఎండుమిరపకాయలు దంచినట్టుండేది. తమ్ముడు పోయినా నోరు తగ్గలేదు గానీ, దంచుతూ దంచుతూ మధ్యలో ఆగిపోయేది. ఆగి, "ఏం చెబుతున్నానే?" అని అడిగేది. గుడారమ్మకీ గుర్తుండేది కాదు. పొద్దున్నే లేవడం, లేచినందుకు ఏదో ఒకటి చెయ్యడం, చీకటి పడటం. ఇద్దరు ఆడవాళ్ళూ ఆ ఇంట్లో ఒకళ్ళకొకళ్ళు అడ్డురాకుండా తిరిగేవారు.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున ఒకమ్మాయి వచ్చింది. కాళ్ళకి దుమ్ము పట్టిన బూట్లు, భుజాన సంచి, జుట్టులో ఇరికించుకుని మరిచిపోయిన పెన్సిలు.

"గుడారం గారున్నారాండీ? టార్పాలిన్లు కుడతారట."

"ఉంటే నిన్ను గుమ్మంలో నిలబెడతామా?" అంది ఆడపడుచు లోపల్నుంచే. "పోయాడమ్మా. వెళ్ళిరా."

ఆ పిల్ల మొహం చిన్నబోయింది. "అయ్యో, తెలీదండీ. క్షమించండి," అని వెనక్కి తిరిగింది. అప్పుడు, నోట్లో నాలుక లేదని పేరుపడ్డ గుడారమ్మ ఉన్నట్టుండి, "ఏం కుట్టాలి?" అని అడిగింది.

ఆడపడుచు గరిటె పట్టుకుని బయటికి వచ్చేసింది చూద్దామని.

ఆ పిల్ల ఆర్కిటెక్టు. ఊళ్ళో పాత బస్టాండు పడగొట్టిన చోట కొత్తది కడుతున్నారు, దాని బొమ్మ గీసింది ఈ పిల్లే. స్తంభాలు కావాలంది. స్తంభాలకీ దర్జీకీ ఏం సంబంధమని ఆడపడుచు అడిగింది. ఆ పిల్ల నేల మీదే కూచుని ఫోను తీసింది.

లోకంలో ఎన్ని రకాలుగా ఇళ్ళు కడుతున్నారో ఆ రోజు గుడారమ్మ చూసింది. గుడ్డుపెంకులా పలచగా వంగిన పైకప్పులున్నాయి. గోడ నిండా కన్నాలే ఉన్న బడి ఉంది, ఆ గాలే చాలు, ఫ్యాను అక్కర్లేదట. మిషను ముక్కులోంచి పేస్టు పిండినట్టు సిమెంటు పిండుకుంటూ కట్టిన ఇల్లుంది. అంతస్తు అంతస్తుకీ చెట్లు మోస్తున్న మేడ ఉంది.

"ఆ చెట్లకి నీళ్ళెవరు పోస్తారే?" అంది ఆడపడుచు. "మన డాబా మీద తులసిమొక్కే బతకలేదు."

తరవాతి బొమ్మ దగ్గర గుడారమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఆపింది. స్తంభాలు. కానీ పెట్టెల్లా నలుచదరంగా లేవు. నడుం దగ్గర సన్నబడి, పొట్ట దగ్గర ఉబ్బి, తలగడలు నిలబెట్టినట్టున్నాయి. ముడతలు కూడా కనిపిస్తున్నాయి. ముట్టుకుంటే మెత్తగా లోపలికి పోతాయేమో అనిపించేలా ఉన్నాయి.

"రాయేనండీ. కాంక్రీటు," అంది ఆ పిల్ల. "చెక్క పెట్టెలో పొయ్యకుండా గుడ్డ సంచిలో పోశారు. గోతాం గుడ్డలాంటిదే, గట్టిది. కుట్టి, నిలువుగా వేలాడదీసి, లోపల ఊచలు నిలబెట్టి, పైనుంచి పోస్తారు. ఎక్కువైన నీళ్ళు గుడ్డలోంచి కారిపోతాయి. గట్టిపడ్డాక గుడ్డ ఒలిచేస్తారు. మన బస్టాండులోవి కూడా అలాగే పోద్దామని."

"బస్టాండుకి ఇంత సోకెందుకు?" అంది ఆడపడుచు.

"గంటలు గంటలు నిలబడతాం కదండీ, పెద్దమ్మా. ఆనుకోవడానికి ఏదో ఒకటి మెత్తగా కనబడాలి కదా."

ఆడపడుచు గరిటె పక్కన పెట్టి తనూ నేల మీద కూచుంది. అది అరుదైన విషయం.

అసలు మెలిక తరవాత చెప్పింది ఆ పిల్ల. పై ఆఫీసులో పెద్ద ఇంజనీరున్నాడు. ఆయనకి గుడ్డంటే నమ్మకం లేదు. ముందు ఒక్క స్తంభం పోసి చూపించమన్నాడు. నచ్చితే అన్నీ గుడ్డలోనే, నచ్చకపోతే అందరిలాగే ఇనుపరేకుల పెట్టెలు తెచ్చి నలుచదరం పిల్లర్లు పోసేస్తారు.

గుడారమ్మ మిషను మీది దుప్పటి తీసి మడతపెట్టింది. మిషను ముందు స్టూలు మీద ఎప్పుడూ కూచోలేదావిడ. కూచుంటే ఎత్తు సరిపోలేదు, స్టూలు కింద పీట వేసుకుంది. తీరా ఆ పిల్ల పంపిన గుడ్డ కుట్టబోతే తెలిసొచ్చింది, రెండో కొస పట్టుకోవడానికి మనిషి లేదు.

"వదినా," అంది. "మీరు కాస్త పట్టుకోండి."

"నేనా? నాకేం తెలుసే ఈ దర్జీపనులు!"

"తెలియక్కర్లేదు. బరువు మొయ్యండి చాలు."

"ఆ పని పుట్టినప్పట్నుంచీ చేస్తున్నా," అంటూ వచ్చి కూచుంది ఆడపడుచు.

మొదటి పూట సూదులు ఫట్‌ఫట్‌మని విరిగాయి. "ఎత్తండి వదినా," అంటే ఆవిడ లాగేది. "లాగకండి, ఎత్తండి," అంటే వదిలేసేది. "నా తమ్ముడు నిన్నెన్నిసార్లు తిట్టాడే ఇలా?" అనడిగింది. "ఒక్కసారీ తిట్టలేదు," అంది గుడారమ్మ. ఆడపడుచు మొహం పక్కకి తిప్పుకుని గుడ్డ మళ్ళీ అందుకుంది. ఆ తరవాత గుడ్డ ఎత్తడంలో ఏదో కుదిరింది. మరీ కుదరలేదు గానీ సూది విరగడం ఆగింది.

పొడవాటి గొట్టంలా కుట్టారు. కింద గుడ్డ మీద బరువెక్కువ పడుతుందని ఆ పిల్ల చెబితే, అక్కడ కుట్టు మీద కుట్టు వేశారు. కుట్టడం అయ్యాక ఇంకో పెద్ద పని మిగిలింది. తలగడ గలీబు కుట్టినవాళ్ళకి తెలిసిందే, లోపలి వైపు పైకి పెట్టి కుడతాం, తరవాత తిరగేస్తాం, కుట్టూ దాని పక్కన మిగిలిన గుడ్డా లోపలికి పోయి పైకి నున్నగా కనిపిస్తుంది. కానీ ఇది మనిషి దూరేంత గొట్టం, బిరుసు గుడ్డ. ఎంత లాగినా తిరగదు. చివరికి ఆడపడుచే కొంగు బిగించి లోపలికి పాకింది.

"కొస దొరికిందా వదినా?"

"కొస దేవుడెరుగు, నేను బయటికొస్తానా? ఏమే, ఇందులోనే సిమెంటు పోసెయ్యకండి, మీకు పుణ్యముంటుంది!"

గుడారమ్మకి నవ్వొచ్చింది. నవ్వు వచ్చినందుకు భయమేసింది. ఇంట్లో ఆ చప్పుడు విని చాలా రోజులైంది. గొట్టంలోంచి ఆడపడుచు నవ్వు కూడా వినిపించాక, ఫరవాలేదనిపించింది.

నున్నగా తిరగేసిన ఆ గొట్టాన్ని ఇద్దరూ చెరోవైపు మోసుకుంటూ బస్టాండు పనిదగ్గరికి తీసుకెళ్ళారు. ఆర్కిటెక్టు పిల్ల చేత్తో తడిమి, "ఎంత బాగుందో! కుట్టు కనబడటమే లేదు," అంది. మేస్త్రి కూడా వచ్చి చూశాడు. పొట్టిగా, మీసాల నిండా సిమెంటుతో ఉంటాడాయన.

"నా జన్మలో పిల్లరుకి పాంటు తొడగడం ఇదే మొదలు," అన్నాడు. "కొలత సరిపోయిందామ్మా? నాడా అక్కర్లేదా?"

పోసిన రోజు గుడారమ్మ కదలకుండా నిలబడింది. పరంజా మీద నుంచి సిమెంటు మాలు దిగుతుంటే గుడ్డ కడుపు నిండుతున్నట్టు కింది నుంచి ఒక్కొక్క జానే ఉబ్బుతూ వచ్చింది. కాసేపటికి దానికి చెమట పట్టింది. సన్నటి నీటిచుక్కలు గుడ్డ బయటికి వచ్చి జారిపోతున్నాయి. కుట్టు ఎక్కడా పిగలలేదు. ఆవిడకి తెలియకుండానే ఆవిడ చెయ్యి దాని మీదికి వెళ్ళింది. లోపల వెచ్చగా ఉంది. ఏదో బతికున్నదాన్ని తాకినట్టయింది. ఇంటికి వెళ్ళేటప్పుడు దారి పొడుగునా ఆడపడుచు ఏదో చెబుతూనే ఉంది, మధ్యలో ఆగలేదు.

గట్టిపడేదాకా ఆగి, గుడ్డ ఒలవడానికి పూనుకున్నారు. మేస్త్రి గుడ్డని ఒక పక్క నిలువునా చీరి, పైనుంచి కొస పట్టుకుని లాగాడు. గుడ్డ అరటితొక్కలా ఊడొచ్చింది, లోపలి రాయి నున్నగా, నేత గుర్తులతో మెరిసింది. అందరూ "ఆహా" అన్నారు. అలా ఒలుస్తూ చుట్టూ తిరిగి కుట్టు ఉన్న చోటికి వచ్చేసరికి ఆగిపోయింది. లాగితే రాలేదు. గట్టిగా లాగితే చిరిగింది.

మేస్త్రి వంగి చూశాడు. ఆర్కిటెక్టు పిల్ల చూసింది. లోపలికి తిరగేసిన గుడ్డ అంచు మొత్తం కాంక్రీటులో కూరుకుపోయింది. రాయి దాన్ని నోట కరుచుకుంది. చిరిగిన దారపు పోగులు కుట్టు పొడవునా, పైనుంచి కిందిదాకా, కుచ్చులా వేలాడుతున్నాయి.

"పిల్లరుకి జడొచ్చింది," అన్నాడు మేస్త్రి నెమ్మదిగా. నవ్వించడానికే అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

గుడారమ్మకి తల కొట్టేసినట్టయింది. నిలబడ్డచోటే నేల నోరు తెరిస్తే బాగుండుననిపించింది. గుడారం ఇంటి కుట్టు అంటే ఊళ్ళో ఒక పేరుంది, ఆ పేరు తన చేతుల్లో చిరిగిపోయింది. పెద్ద ఇంజనీరు రావడానికి ఇంకా ఒక వారమే ఉంది. ఆవిడ ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి వచ్చేసి, దుప్పటి తీసి మళ్ళీ మిషను మీద కప్పేసింది.

"అప్పుడే?" అంది ఆడపడుచు.

"నాది గుడ్డ పట్టుకునే చెయ్యి వదినా. కుట్టే చెయ్యి కాదు."

ఆడపడుచు విసురుగా లేచింది. వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు అవసరమైన దానికంటే గట్టిగా తోమింది.

మర్నాడు ఆర్కిటెక్టు పిల్ల వచ్చింది. గుడారమ్మ లేచి లోపలికి పోబోయింది. ఆ పిల్ల గుమ్మం దాటకుండానే మొదలుపెట్టింది.

"అమ్మా, తప్పు నాది. మీరు తిరగేసి తెచ్చారు, నేను చూశాను, తడిమాను, కుట్టు కనబడటం లేదని పొగిడాను. కనబడకపోతే ఎక్కడుందని అడగాల్సిన దాన్ని నేనే. ఇన్నేళ్ళు చదివి, ఆ ఒక్క మాట అడగలేదు. ఇంజనీరు గారికి ఫోన్ చేసి నాదే పొరపాటని చెప్పేశాను."

"ఎందుకు చెప్పావమ్మా? కుట్టింది నేనైతే."

"గీసింది నేను కాబట్టి."

"మరి తిరగేసింది నేను," అని వంటింట్లోంచి కేక వచ్చింది. "ఇద్దరూ పంచేసుకోకండి, నాకూ కాస్త మిగల్చండి."

గుడారమ్మ లోపలికి పోకుండా ఆగింది. తన బతుకులో ఎవరైనా తప్పు మోయడానికి ముందుకొచ్చి నిలబడటం అంతగా ఎరగదు. కష్టం పంచుకున్నవాళ్ళు ఉన్నారు, ఆయన ఉండేవాడు. తప్పు పంచుకోవడానికి వచ్చినవాళ్ళు కొత్త. ఆ పిల్లకి కృతజ్ఞత చెప్పాలని నోరు తెరిస్తే, బయటికొచ్చింది వేరే మాట.

"అమ్మాయ్, ఒకటి చెప్పు. బట్టకైతే మంచి వైపు బయట. మరి నీ పిల్లరుకి మంచి వైపు ఏది?"

ఆ పిల్ల జుట్టులోంచి పెన్సిలు తీసి, గీద్దామనుకుని, ఆగింది. పక్కన ఉన్న చిన్న తలగడ తీసి గలీబు ఊడదీసింది. "ఈ గలీబు గుడ్డ. లోపలి తలగడ పిల్లరు. జనం చూసేది తలగడని. గలీబు తీసేస్తాం కదా."

గుడారమ్మ గలీబు చేతిలోకి తీసుకుంది. లోపల చెయ్యి పెట్టి తడిమింది. కుట్టు పక్కన మిగిలిన గుడ్డ వేళ్ళకి తగిలింది. తలగడని తాకేది ఈ వైపే. అంటే ఇంతకాలం తాను దాచిపెట్టడం నేర్చుకున్న వైపు, ఇక్కడ అసలు మొహం. కుట్టూ, అంచులూ, పోగులూ అన్నీ బయటికి ఉండాలి. అసహ్యంగా కనబడాలి.

"అయితే," అంది మెల్లగా, "తిరగెయ్యకుండా ఉంటే సరిపోయేది."

వంటింట్లో గిన్నె కింద పడింది.

"ఏంటీ?" ఆడపడుచు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "కుట్టినదాన్ని కుట్టినట్టే ఇచ్చేస్తే పనైపోయేదా? మరి నేను ఆ సొరంగంలో దూరి, నడుం విరగ్గొట్టుకుని, ఊపిరాడక ఛస్తూ తిరగేసింది దేనికే? చెడగొట్టడానికా?"

గుడారమ్మ ఆవిడ వంక చూసింది, ఆవిడ గుడారమ్మ వంక చూసింది. ముందు ఎవరు నవ్వారో తెలియదు గానీ, ముగ్గురూ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. అందులో కొన్ని నవ్వువి కావు. అవీ అక్కడే కలిసిపోయాయి.

ఆ పూటే మళ్ళీ కుట్టడం మొదలుపెట్టారు. ఆర్కిటెక్టు పిల్ల కూడా ఆడపడుచు పక్కన కూచుని గుడ్డ ఎత్తింది. "లాగకు, ఎత్తు," అని ఆడపడుచు ఆ పిల్లకి నేర్పుతుంటే గుడారమ్మ తల వంచుకుని నవ్వుకుంది. కానీ అతుకులు బయటికి వదిలెయ్యడం ఆవిడకి మహా కష్టమైంది. చెయ్యి ఊరుకోదు, అంచు మడతపెడదామంటుంది. వీధిలోంచి మోసుకెళ్తుంటే, లోపలి బట్టలతోనే బయటికొచ్చినట్టు సిగ్గేసింది.

"ఎవరేమనుకుంటారో," అంది.

"అడిగితే ఇదే ఫ్యాషనని చెబుతా," అంది ఆడపడుచు.

మేస్త్రి గొట్టాన్ని చూడగానే తన చొక్కా చెయ్యి లోపలివైపు పైకి తిప్పి చూపించాడు. "నేనూ ఇవాళ్టి నుంచి ఇలాగేనమ్మా. పనివాళ్ళందరికీ చెప్పేస్తా." తరవాత పరాచికాలు మాని, ఊచలు సరిచూసి, మాలు తానే దగ్గరుండి కలిపించాడు. గుడ్డ చిరిగిన మొదటి స్తంభం గురించి ఎవరి ముందూ ఎత్తలేదు. ఎవరైనా ఎత్తబోయినా, "నేర్చుకున్న పిల్లరు అది, దాని జోలికి పోకండి," అనేవాడు. ఆ మాట గుడారమ్మ చెవిన పడింది. చెవిన పడాలనే ఆయన గట్టిగా అన్నాడేమో.

పెద్ద ఇంజనీరు అనుకున్న రోజుకే వచ్చాడు. తెల్లచొక్కా, చేతులు వెనక్కి కట్టుకున్న మనిషి. గుడ్డ ఇంకా ఒలవలేదు, ఆయన ఎదురుగానే ఒలవాలని ఆర్కిటెక్టు పిల్ల పట్టుబట్టింది. మేస్త్రి పరంజా ఎక్కబోతూ ఆగి, "మీరే రండి," అని గుడారమ్మకి చెయ్యందించాడు.

పైనుంచి చూస్తే కింద నిలబడ్డవాళ్ళ తలలే కనబడ్డాయి. మేస్త్రి ఒక పక్క చీరి ఉంచిన గుడ్డ కొస ఆవిడ పట్టుకుంది. ఇప్పుడిది రాకపోతే రేపట్నుంచి ఇక్కడ ఇనుపరేకులు దిగుతాయి, తను ఇంటికి పోయి కూచుంటుంది. పొద్దున్నే లేవడానికి మళ్ళీ కారణం ఉండదు. లాగింది.

గుడ్డ కదిలింది. నున్నగా, మెత్తటి చప్పుడుతో ఊడిరావడం మొదలైంది. కుట్టు దగ్గరికి వచ్చేసరికి మేస్త్రి మెడ చాపి చూశాడు. ఒక్క క్షణం బిగిసింది. ఆవిడ లాగలేదు. కొద్దిగా ఎత్తింది. అంతే, అంచు రాయిని వదిలేసి జారుకుంటూ వచ్చేసింది, కిందిదాకా.

స్తంభం బయటపడింది. నడుం దగ్గర సన్నగా, కిందికి ఒద్దికగా ఉబ్బి, నిద్రలేచి ఒళ్ళు విరుచుకుంటున్నట్టు నిలబడింది. కుట్టు ఉన్న చోట సన్నటి గీత మాత్రం మిగిలింది.

పెద్ద ఇంజనీరు దాని చుట్టూ తిరిగాడు. వేలి కణుపుతో కొట్టి చూశాడు. ఆ తరవాత, ఎవరూ చూడటం లేదనుకున్నాడో ఏమో, భుజం దానికి ఆనించి నిలబడ్డాడు. అలాగే కాసేపు ఉన్నాడు, బస్సు కోసం ఎదురుచూస్తున్న వాడిలా.

"సరే," అన్నాడు చివరికి. "అన్నీ ఇలాగే పొయ్యండి. కుట్టిందెవరు?"

"గుడారమ్మగారండీ," అన్నాడు మేస్త్రి.

గుడారమ్మ పరంజా మీద నుంచి తల అడ్డంగా ఊపింది. "నేనొక్కదాన్నే కాదండీ. మా వదిన, ఈ అమ్మాయి, మేస్త్రిగారు," అంది. అంత పెద్దమనిషితో అన్ని మాటలు ఆవిడ ఎప్పుడూ మాట్లాడి ఎరగదు. మాట్లాడాక తేలికైంది. కిందికి చూస్తే ఆడపడుచు కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, "దుమ్ము, దుమ్ము," అని ఎవరికో చెబుతోంది.

ఇంజనీరు కారు వెళ్ళిపోయాక, గుడారమ్మ పరంజా దిగేసరికి ఆర్కిటెక్టు పిల్ల పరుగెత్తుకొచ్చింది. మిగతా స్తంభాలు పైకి వెళ్ళేకొద్దీ వెడల్పవ్వాలట, కప్పుని చేతులతో ఎత్తి పట్టుకున్నట్టు ఉండాలట.

"ఎంత వెడల్పు?" అంది గుడారమ్మ, మెళ్ళోని టేపు తీస్తూ.

"ఇంత," అని ఆ పిల్ల రెండు చేతులూ బారుగా చాపి నిలబడింది.

గుడారమ్మ ఒక వేలి కొస దగ్గర టేపు పెట్టి, నడుచుకుంటూ రెండో వేలి కొసదాకా కొలిచింది. చేతులు చాపి నవ్వుతున్న ఆ పిల్లని చూస్తే, చెప్పాలనుకుని ఇన్నాళ్ళూ చెప్పలేకపోయిన కృతజ్ఞత మాట మళ్ళీ నోటిదాకా వచ్చింది. ఈసారి ఆగలేదు.

"నువ్వు ఆ రోజు మా గుమ్మంలోంచి వెనక్కి వెళ్ళిపోకపోవడం నా అదృష్టమమ్మా," అంది. అని, సిగ్గుపడి, టేపు వంక చూసుకుంది. "ఇంత వెడల్పంటే ఒక పన్నా గుడ్డ చాలదు. రెండు పన్నాలు కలపాలి. మధ్యలో ఇంకో అతుకు వస్తుంది."

"రానివ్వండి. ఎటు వైపు వస్తుంది?"

"కూచో, చెబుతా," అంది గుడారమ్మ. ఇసుక మీదే కూలబడి, వేలితో గీత గీసింది.